రిజ్యూమ్ అనే క్రియ – రేనాటి కట్టుబడులు

ఆంగ్లంలో ‘రిజ్యూమ్’ అనగానే ఆగిన పనిని మళ్ళీ మొదలుపెట్టడమనే అర్థమే మనకు స్ఫురిస్తుంది. లాటిన్ మూలాన్ని బట్టి దాని అర్థం ‘తిరిగి తీసుకొను’. ఆ పాత అర్థం రెవెన్యూ కాగితాలలో నిలిచిపోయింది. ఇనామును రిజ్యూమ్ చేయడమంటే, ఇచ్చిన మాన్యాన్ని సర్కారు మరల స్వాధీనం చేసుకోవడం.

మా పెద్దముడియానికి పొరుగున ఉన్న నొస్సం, కోయిలకుంట్ల సీమలో ఈ క్రియ నెత్తురు కళ్ళజూసింది. కావలి కొలువుకు ప్రతిఫలంగా మాన్యాలు అనుభవించినవారు కట్టుబడులు. వారు మరణిస్తే ఆ మాన్యాలను వారసులకు దక్కనీయక కుంపిణీ తీసుకోబూనింది. నొస్సం జయరామిరెడ్డి పింఛను సైతం ఆయనతోనే ఆగింది. మనుమడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి అందులో వాటా దక్కలేదు. 1846లో ఆయన తిరగబడగా కట్టుబడులు వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు.

గమనించండి: ‘తిరిగి తీసుకొను’ అన్నప్పుడే ఆ నేల మొదటినుంచీ సర్కారుదేనన్న వాదం ఆ మాటలో ఇమిడి ఉన్నది. తరతరాలుగా దున్నినవాని ఊసు అందులో లేదు. ఇదే పనికి మన భాషలో దత్తాపహారమని పేరు. మన దానశాసనాలు దానిని మహాపాపంగా ఎంచి శపించాయి.

చేత ఒక్కటే. ఏ మాటతో చెప్పామన్నదానిలోనే తీర్పు ఉన్నది.