ఎదురుకాళ్ల కాన్పు
తలకు బదులు పిరుదులో కాళ్లో ముందుగా బయటికి వచ్చే ప్రసవం. 28 వారాలకు దాదాపు నాలుగో వంతు శిశువులు ఇలాగే ఉంటారు. నెలలు నిండేసరికి 3–4 శాతమే మిగులుతారు. కాబట్టి ఏడో నెల స్కానింగ్‌లో ఎదురుకాళ్లు కనిపించాయని పడే దిగులు చాలావరకు తొందరపాటే. 36 వారాలు దాటినా తిరగకుంటే, వైద్యులు పొట్టపై చేతులతో నొక్కి బిడ్డను తిప్పే ప్రయత్నం చేయవచ్చు. సుమారు సగం సందర్భాల్లో ఫలిస్తుంది. ఎదురుకాళ్ల కాన్పులో బొడ్డుతాడు జారడం, తల ఇరుక్కోవడం ప్రధాన ప్రమాదాలు. ఇలాంటి కాన్పులపై 2000లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం తర్వాత సిజేరియన్ వైపు మొగ్గు పెరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఎదురుకాళ్లు ఇందుకు ఒక కారణం మాత్రమే. ఎదురుకాళ్లతో పుట్టినవారు కాలితో తాకితే నడుంపట్టు వదులుతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో ఉంది. దీనికి వైద్య ఆధారం లేదు.