మీ నేటివ్ ఎక్కడండీ?

అల్ఫారెట్టాలో కొత్త తెలుగువాళ్ళు కలిస్తే మొదట అడిగేది ఇదే. ఆ విశేషణాన్ని మనం సొంతూరి కింద మార్చేసుకున్నాం. మూలం లాటిన్, పుట్టుకతో వచ్చినది అని. కంపెనీ దొరల నోట్లో అది చిన్నచూపు మాట. అయినా 1852లో గాజుల లక్ష్మీనరసు శెట్టి గారు ఆ మాటే పెట్టుకుని మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. కంపెనీ పాలన మీద ఏకంగా లండన్ పార్లమెంటుకే అర్జీ పంపారు. నాకది భలే నచ్చుతుంది.

మరి ఇక్కడి అసలు నేటివ్‌లు? చెరోకీలు. 1838లో సైన్యం వాళ్ళని పడమటికి తోలేసింది. 1858కల్లా ఇది అల్ఫారెట్టా అనే ఊరైంది. పక్క కౌంటీకి మాత్రం వాళ్ళ పేరు మిగిలింది.

మొన్న గుళ్ళో ఒకావిడ మా పాపని అడిగింది, "నీ నేటివ్ ఏంటమ్మా?" అని. "ఇక్కడే" అంది. తెనాలి అని సర్దబోయి ఆగిపోయాను.