ఊపిరితిత్తుల కణితి పిలిచే కణాలు, పిలవని కణాలు

కణితుల్లో తెల్ల రక్తకణాలు చేరి ఉండటం జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్షో 1863లోనే గమనించాడు. అవి శరీరం పంపిన కాపలాదారులని 1950ల చివర్లో శాస్త్రవేత్తలు బర్నెట్, థామస్ వాదించారు. 1974లో స్టుట్‌మన్ అనే పరిశోధకుడు ఆ వాదానికి గండి కొట్టాడు. క్యాన్సర్‌పై దాడి చేసే టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి లేని ఎలుకల్లోనూ క్యాన్సర్లు ఎక్కువగా రాలేదని చూపించాడు. ఆ ఎలుకల్లో రక్షణ పూర్తిగా పోదన్న సంగతి తర్వాత గానీ తేలలేదు.

మలుపు 2001లో వచ్చింది. సెయింట్ లూయిస్‌లో రాబర్ట్ శ్రైబర్ బృందం లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు లేని ఎలుకల్లో పెరిగిన కణితులను మామూలు ఎలుకల్లో నాటింది. వాటిలో సుమారు 40 శాతం నశించాయి. మామూలు ఎలుకల్లో పుట్టినవి మాత్రం నిలదొక్కుకున్నాయి. దెబ్బలు తిని రాటుదేలిన కణితులవి.

ఊపిరితిత్తుల విషయానికొస్తే, లింఫు గ్రంథులను పోలిన కణగుంపులు కణితిలో ఎక్కువగా ఉన్న రోగులు ఎక్కువకాలం బతికారని 2008లో పారిస్ పరిశోధకులు చూపారు. టీ కణాలపై ఉన్న బ్రేకును తీసేసే నివోలుమాబ్ అనే మందు ఈ క్యాన్సర్‌కు 2015లో అందుబాటులోకి వచ్చింది. అప్పటికే కీమో తీసుకున్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికే కణితి కరిగింది. మిగతావారి సంగతేమిటి?

నా దృష్టిలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఎల్‌కేబీ1 అనే జన్యువు చెడిన క్యాన్సర్ కణం న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను రప్పించే రసాయనాలు వదులుతుందని, టీ కణాలు తగ్గిపోతాయని 2016లో ఎలుకల్లో తేలింది. అదే కణం తనలో చిందిన డీఎన్ఏను పసిగట్టే వ్యవస్థలోని స్టింగ్ అనే ప్రోటీన్‌ను కూడా అణచేస్తుంది. దాంతో టీ కణాలకు కబురు వెళ్లదు. 2018లో హ్యూస్టన్ వైద్యులు నాయకత్వం వహించిన అధ్యయనం కేరాస్ అనే జన్యువులో మార్పున్న రోగులను పోల్చింది. ఎల్‌కేబీ1 కూడా చెడినవారిలో నివోలుమాబ్ తరహా మందులకు 7.4 శాతం మందే స్పందించారు. ఎల్‌కేబీ1, టీపీ53 జన్యువులు రెండూ బాగున్నవారిలో 28.6 శాతం మంది స్పందించారు.

ఇంతకన్నా విచిత్రం 2017 నాటిది. ఎలుక ఊపిరితిత్తిలోని కణితి ఎక్కడో దూరాన ఉన్న ఎముకలోని ఆస్టియోబ్లాస్ట్ అనే ఎముకను కట్టే కణాలను ప్రేరేపించి, తన పెరుగుదలకు తోడ్పడే న్యూట్రోఫిల్స్‌ను అక్కడి నుంచి తెప్పించుకుంటోందని బోస్టన్ పరిశోధకులు కనుగొన్నారు. కణితి ఉన్న ఎలుకల్లో ఎముకల సాంద్రత కూడా పెరిగింది!

ఎల్‌కేబీ1 చెడిన రోగుల్లో నివోలుమాబ్‌లాగే పనిచేసే పీడీ-ఎల్1 నిరోధకం ఒక్కటే చాలనప్పుడు, సీటీఎల్‌ఏ-4 అనే మరో బ్రేకును అడ్డుకునే మందు కలిపితే ఫలితం మెరుగయ్యే సూచనలు 2024 నాటి విశ్లేషణలో కనిపించాయి. అది క్లినికల్ ట్రయల్ సమాచారాన్ని తర్వాత తవ్వి చూసిన లెక్క కాబట్టి, దీని కోసమే వేరుగా ట్రయల్ నడపాల్సి వచ్చింది.