హెచ్‌ఐవీని ముందే ఆపే మందు ఉంది.. అమెరికాలో లాటినోలకు ఎందుకు అందట్లేదు?

హెచ్‌ఐవీ సోకకుండా ముందే కాపాడే మందు పేరు ప్రెప్‌. అమెరికాలో ఇది 2012 నుంచే ఉంది. అయినా అక్కడి లాటినో గే, బైసెక్సువల్‌ పురుషుల్లో చాలామందికి ఇప్పటికీ అందట్లేదు. మందు పనిచేయక కాదు.. మందు దాకా వెళ్లే దారిలోనే అడ్డంకులున్నాయి. అవేంటో చూద్దాం.

ప్రెప్‌ అంటే ఏంటి?

హెచ్‌ఐవీ లేకపోయినా, అది సోకే ముప్పు ఉన్నవారు ముందుజాగ్రత్తగా వాడే మందు ఇది. 2012 జులైలో ట్రువాడా అనే మాత్రకు అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది. 2021 డిసెంబర్‌లో రెండు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌, 2025 జూన్‌లో ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్‌ వచ్చాయి. డాక్టర్‌ చెప్పినట్టు వాడితే సెక్స్‌ ద్వారా హెచ్‌ఐవీ సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుందని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

లాటిన్‌ అమెరికా దేశాల మూలాలున్న వారినే లాటినోలు అంటారు. అమెరికా జనాభాలో వీళ్లు దాదాపు 19 శాతం. కానీ 2022లో కొత్తగా హెచ్‌ఐవీ సోకినవారిలో మాత్రం మూడో వంతు దాకా వీళ్లే! 2018 నుంచి 2022 మధ్య దేశం మొత్తం మీద కొత్త కేసులు 12 శాతం తగ్గినా, లాటినో గే, బైసెక్సువల్‌ పురుషుల్లో మాత్రం తగ్గలేదు.

2022 సీడీసీ అంచనాల ప్రకారం ప్రెప్‌ అవసరమైన శ్వేతజాతీయుల్లో 94 శాతం మందికి అది అందింది. లాటినోల్లో 24 శాతం మందికే అందింది.

అడ్డంకులు ఇవే..

బీమా: ప్రెప్‌ను ఉచితంగా ఇవ్వాలన్న రూల్‌ 2021 నుంచి చాలా బీమా ప్లాన్‌లకు వర్తిస్తోంది. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా దీనికి ఆధారమైన వ్యవస్థను సమర్థించింది. కానీ అసలు బీమానే లేనివాళ్ల సంగతేంటి? లాటినోల్లో అలాంటివారు ఎక్కువ. లాటినోలు భారీగా ఉండే టెక్సాస్‌, ఫ్లోరిడా రాష్ట్రాలు పేదల వైద్య పథకం మెడికెయిడ్‌ను విస్తరించలేదు.

టెస్టులు: జెనరిక్‌ వచ్చాక మాత్రల ధర బాగా దిగింది. అయితే ఖర్చు మాత్రలతోనే ఆగదు. మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ టెస్ట్‌ తప్పనిసరి. ఆ తర్వాత మూడు నెలలకోసారి మళ్లీ చేయించుకోవాలి. రోజుకూలీ వదులుకుని క్లినిక్‌కు వెళ్లడమంటే అందరికీ కుదరదు.

భాష: స్పానిష్‌లో మాట్లాడే డాక్టర్‌ దొరక్కపోతే ఇలాంటి సున్నితమైన విషయం చెప్పుకోవడం కష్టం.

భయం: ఇంట్లో తెలిస్తే ఏమంటారోనన్న బెరుకు ఒకటి. సరైన పత్రాలు లేని వలసదారులకైతే పేరు, అడ్రస్‌ ఇవ్వాలన్నా భయమే. హెచ్‌ఐవీ ఉన్న విదేశీయులను రానివ్వకూడదన్న నిబంధన అమెరికాలో 2010 దాకా ఉండేది.

దారులు లేవా?

ఉన్నాయి. ప్రభుత్వ నిధులతో నడిచే కమ్యూనిటీ హెల్త్‌ సెంటర్లు బీమా లేకపోయినా చూస్తాయి, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి. కాలిఫోర్నియాలో డాక్టర్‌ చీటీ లేకుండానే ఫార్మసిస్టులు కొన్నాళ్లకు సరిపడా ప్రెప్‌ ఇవ్వొచ్చు.

హైదరాబాద్‌ కనెక్షన్‌

లెనకాపవిర్‌కు అమెరికాలో ఏడాదికి లిస్ట్‌ ధర 28,218 డాలర్లు. దీని జెనరిక్‌ను 120 దేశాలకు తయారుచేసే లైసెన్స్‌ను 2024లో గిలియడ్‌ కంపెనీ ఆరు సంస్థలకు ఇచ్చింది. వాటిలో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్‌ రెడ్డీస్‌, హెటెరో ఉన్నాయి. 2027 నుంచి ఏడాదికి దాదాపు 40 డాలర్లకే ఇస్తామని ఈ రెండూ ప్రకటించాయి. కానీ ఆ చౌక మందు అమెరికాకు రాదు. ఇంకో విషయం ఏంటంటే.. ఈ ఇంజెక్షన్‌పై ట్రయల్స్‌ జరిగిన బ్రెజిల్‌, మెక్సికో, అర్జెంటీనా, పెరూ కూడా ఆ 120 దేశాల జాబితాలో లేవు!

గుర్తుంచుకోండి: ప్రెప్‌ హెచ్‌ఐవీని మాత్రమే ఆపుతుంది. మిగతా సుఖవ్యాధుల నుంచి రక్షణకు కండోమ్‌ అవసరమే. ఇప్పటికే ముప్పు ఎదురైతే వాడాల్సింది ప్రెప్‌ కాదు, పెప్‌. దాన్ని 72 గంటల్లోపే మొదలుపెట్టాలి.

(గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. ఏ మందైనా డాక్టర్‌ సలహాతోనే వాడాలి.)