రొమ్ము క్యాన్సర్ నిర్ధారణలో న్యూక్లియర్ మెడిసిన్ పరీక్షలు

అతి తక్కువ మోతాదులో రేడియోధార్మిక మందును ఒంట్లోకి ఎక్కించి, అది వెలువరించే కిరణాలను కెమెరాతో పట్టి చిత్రాలు తీసే వైద్య విభాగం న్యూక్లియర్ మెడిసిన్. రొమ్ములో క్యాన్సర్ ఉందో లేదో చూడటానికి, ఉంటే ఎక్కడిదాకా పాకిందో తెలుసుకోవడానికి ఈ విభాగపు పరీక్షలు తోడ్పడతాయి. మామోగ్రఫీ, అల్ట్రాసౌండ్ ప్రధానంగా కణితి ఆకారాన్ని చూపిస్తాయి. న్యూక్లియర్ మెడిసిన్ పరీక్షలు కణాల పనితీరులో వచ్చిన తేడాను చూపిస్తాయి. మాలిక్యులర్ బ్రెస్ట్ ఇమేజింగ్, పెట్-సీటీ, సెంటినెల్ నోడ్ పరీక్ష, బోన్ స్కాన్ వీటిలో ముఖ్యమైనవి. రొమ్ములోని కణితిని వెతకడానికి ప్రత్యేకంగా వాడేది మొదటిది. మిగిలినవి ఎక్కువగా వ్యాధి బయటపడిన తరువాత చేసేవి.

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల మంది మహిళలకు, భారతదేశంలో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినట్లు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా.

అవసరం ఎందుకు వచ్చింది

మామోగ్రఫీ చిత్రంలో కొవ్వు నల్లగా, పాలగ్రంథులు, పీచు కణజాలం తెల్లగా కనిపిస్తాయి. కణితి కూడా తెల్లగానే ఉంటుంది. కొవ్వు తక్కువగా, గ్రంథి కణజాలం ఎక్కువగా ఉండే రొమ్ములను దట్టమైన రొమ్ములు అంటారు. వీటిలో కణితి చుట్టూ ఉన్న తెలుపులో కలిసిపోయి రేడియాలజిస్టు కంటికి చిక్కకపోవచ్చు. చిన్న వయసులో ఈ దట్టదనం ఎక్కువ. పైగా రొమ్ములు దట్టంగా ఉన్నవారికి క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా కొంత ఎక్కువే. అమెరికాలో మామోగ్రఫీ చేయించుకున్న ప్రతి మహిళకూ ఆమె రొమ్ముల సాంద్రత గురించి నివేదికలో తెలియజేయాలన్న నిబంధన 2024 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది. సాంద్రత అడ్డురాని పరీక్ష కోసం సాగిన వెతుకులాటలోనే న్యూక్లియర్ మెడిసిన్ ముందుకొచ్చింది.

చరిత్ర

ఈ రంగానికి ఆధారమైన టెక్నీషియం మూలకాన్ని 1937లో ఇటలీలోని పలెర్మోలో కార్లో పెరియర్, ఎమీలియో సెగ్రే కనుగొన్నారు. 1950ల చివర్లో అమెరికాలోని బ్రూక్‌హేవన్ జాతీయ ప్రయోగశాలలో టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక ఐసోటోపును అందించే జనరేటర్ తయారైంది. దాదాపు అదే కాలంలో కాలిఫోర్నియాలో హాల్ యాంగర్ గామా కెమెరాను రూపొందించాడు. ఆసుపత్రి గదిలోనే ఐసోటోపును తీసి, అక్కడే చిత్రం తీసే వీలు ఈ రెండింటితో కలిగింది.

గుండెకు రక్తం ఎలా అందుతోందో చూడటానికి టెక్నీషియం సెస్టామిబి అనే మందు వాడుకలోకి వచ్చింది. ఇది కొన్ని కణితుల్లో కూడా చేరుతున్నట్లు వైద్యులు గమనించారు. 1990ల మధ్యలో ఇరాజ్ ఖల్ఖాలీ బృందం ఈ మందుతో రొమ్ము కణితులను పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. 1997లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రొమ్ము పరీక్షకు దీన్ని ఆమోదించింది. అప్పటి పద్ధతి పేరు సింటిమామోగ్రఫీ. ఒళ్లంతటినీ చిత్రించే పెద్ద గామా కెమెరా రొమ్ముకు దూరంగా ఉండటం వల్ల సెంటీమీటరు లోపు కణితులు సరిగా కనిపించేవి కావు. అందుకే ఆ పద్ధతి అంతగా ప్రాచుర్యం పొందలేదు. తరువాత రొమ్ము కోసమే చిన్న కెమెరాలు తయారయ్యాయి. కాడ్మియం జింక్ టెల్యూరైడ్ పలకలతో, రొమ్ముకు రెండు వైపులా ఆనే డిటెక్టర్లను అభివృద్ధి చేయడంలో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులది పెద్ద పాత్ర. మాలిక్యులర్ బ్రెస్ట్ ఇమేజింగ్ అన్న పేరు ఈ తరం యంత్రాలతో స్థిరపడింది.

మాలిక్యులర్ బ్రెస్ట్ ఇమేజింగ్

సెస్టామిబి ధనావేశం గల అణువు. కణాలలోని మైటోకాండ్రియాల లోపలి భాగం రుణావేశంతో ఉంటుంది కాబట్టి అది అక్కడికి చేరి నిలుస్తుంది. క్యాన్సర్ కణితిలో రక్తప్రసారం, మైటోకాండ్రియాల చురుకుదనం ఎక్కువ కావడంతో మామూలు కణజాలంలో కంటే ఎక్కువ మందు పోగవుతుంది. టెక్నీషియం-99ఎం 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలను వెలువరిస్తుంది. దీని అర్ధాయువు 6 గంటలు. ఒక రోజు గడిచేసరికి పదహారో వంతే మిగులుతుంది.

మందును చేతి సిరలోకి ఎక్కించిన కొద్ది నిమిషాలకే చిత్రాలు తీయడం మొదలుపెడతారు. రోగి కుర్చీలో కూర్చుంటుంది. రెండు డిటెక్టర్ల మధ్య రొమ్మును కదలకుండా ఉండే మేరకే నొక్కి ఉంచుతారు. మామోగ్రఫీలో ఉన్నంత ఒత్తిడి ఉండదు. ఒక్కో రొమ్ముకు రెండు కోణాల్లో, ఒక్కో చిత్రానికి సుమారు 10 నిమిషాల చొప్పున మొత్తం 40 నిమిషాలు పడుతుంది. హార్మోన్ల ప్రభావంతో మామూలు కణజాలం కూడా మందును పీల్చుకోవచ్చు. అందువల్ల నెలసరి వచ్చే మహిళలకు చక్రం తొలి సగంలో ఈ పరీక్ష చేయడం మేలు.

2011లో వెలువడిన మేయో క్లినిక్ అధ్యయనంలో రొమ్ములు దట్టంగా ఉండి, ఇతర ముప్పు కారణాలు కూడా ఉన్న 936 మంది మహిళలను పరీక్షించారు. క్యాన్సర్ ఉన్న 11 మందిలో మామోగ్రఫీ ముగ్గురిని, మాలిక్యులర్ ఇమేజింగ్ 9 మందిని పట్టుకున్నాయి. రెండూ కలిపితే 10 మంది బయటపడ్డారు. మందు మోతాదును బాగా తగ్గించి 1,585 మందిపై చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. అందులో మామోగ్రఫీ ఒక్కటే ప్రతి వెయ్యి మందిలో 3.2 క్యాన్సర్లను కనుగొనగా, మాలిక్యులర్ ఇమేజింగ్‌ను జోడించాక ఆ సంఖ్య 12కు పెరిగింది. దాంతోపాటు మరిన్ని పరీక్షలకు మళ్లీ పిలవాల్సివచ్చిన వారి శాతం కూడా 11 నుంచి 17.6కు పెరిగింది.

పెట్ స్కాన్

క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఎక్కువగా వాడుకుంటాయి. ఫ్లోరిన్-18 జోడించిన గ్లూకోజు వంటి మందు ఎఫ్‌డీజీని ఎక్కించి, అది పోగైన చోట్లను గుర్తించేదే పెట్ స్కాన్. ఫ్లోరిన్-18 అర్ధాయువు దాదాపు 110 నిమిషాలు. మనుషులకు ఎఫ్‌డీజీని తొలిసారి 1976లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇచ్చారు. పరీక్షకు ముందు కొన్ని గంటలు ఏమీ తినకూడదు. రక్తంలో చక్కెర అదుపులో ఉండాలి.

పెద్ద కణితి ఉన్నా, చంకలోని గ్రంథులకు వ్యాధి పాకినా, చికిత్స తరువాత తిరగబెట్టిందన్న అనుమానం వచ్చినా, సీటీతో కలిపి చేసే పెట్-సీటీ బాగా ఉపయోగపడుతుంది. తొలిదశ చిన్న కణితులను, లోబ్యులర్ రకం క్యాన్సర్లను ఇది పట్టలేకపోవచ్చు. కాబట్టి ఆరోగ్యవంతుల స్క్రీనింగుకు దీన్ని వాడరు. రొమ్ము మీదే దృష్టి పెట్టే పాజిట్రాన్ ఎమిషన్ మామోగ్రఫీ యంత్రాలు కొన్ని మిల్లీమీటర్ల కణితులను కూడా చూపగలవు. 2020లో అమెరికాలో ఆమోదం పొందిన ఫ్లోరోఎస్ట్రడయోల్ అనే మందు ఈస్ట్రోజన్ రిసెప్టార్లు ఉన్న కణితులకే అంటుకుంటుంది. వ్యాధి తిరగబెట్టినవారిలో, ఇతర అవయవాలకు పాకినవారిలో హార్మోన్ చికిత్సను నిర్ణయించేటప్పుడు బయాప్సీకి తోడుగా దీన్ని వాడతారు.

సెంటినెల్ నోడ్ పరీక్ష, బోన్ స్కాన్

రొమ్ము నుంచి పాకే క్యాన్సర్ కణాలు ముందుగా చేరే లింఫ్ గ్రంథిని సెంటినెల్ నోడ్ అంటారు. రొమ్ములోకి టెక్నీషియం కొల్లాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, ఆపరేషన్ సమయంలో చేతిలో పట్టుకునే గామా ప్రోబ్‌తో ఆ గ్రంథిని గుర్తించి తీసి పరీక్షిస్తారు. అమెరికా సర్జన్ డేవిడ్ క్రాగ్ ఈ పద్ధతిని 1993లో ప్రచురించాడు. ఆ గ్రంథిలో క్యాన్సర్ లేకపోతే చంకలోని గ్రంథులన్నిటినీ తొలగించనక్కర లేదు. అలా తొలగించడం వల్ల వచ్చే చెయ్యి వాపు బాధ చాలామందికి తప్పింది.

రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా పాకే చోట్లలో ఎముకలు ఒకటి. టెక్నీషియం ఎండీపీ మందు ఎక్కించిన 2 నుంచి 4 గంటల తరువాత తీసే బోన్ స్కాన్ అస్థిపంజరం మొత్తాన్నీ ఒకేసారి చూపుతుంది. కీళ్లవాతం, పాత విరుగుళ్లు కూడా ఇందులో మెరుస్తాయి కాబట్టి, కనిపించిన ప్రతి మచ్చా క్యాన్సర్ అనుకోకూడదు.

రేడియేషన్, పరిమితులు

మామోగ్రఫీలో రేడియేషన్ సుమారు 0.4 మిల్లీసీవర్టులు. తగ్గించిన మోతాదులో చేసే మాలిక్యులర్ ఇమేజింగ్‌లో అది సుమారు 2.4 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదిలో సగటున అందేది కూడా దాదాపు అంతే. మామోగ్రఫీ ప్రభావం రొమ్ముకే పరిమితం. సెస్టామిబి మాత్రం ఒళ్లంతా తిరిగి, కాలేయం ద్వారా పేగుల్లోకి చేరుతుంది, అందువల్ల పెద్దపేగుకు ఎక్కువ మోతాదు తగులుతుంది. ఏటా అందరికీ ఈ పరీక్ష చేయకపోవడానికి ఇదొక ప్రధాన కారణం. గర్భిణులకు సాధారణంగా చేయరు. పాలిచ్చే తల్లులు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఫైబ్రోఅడినోమా వంటి హాని చేయని గడ్డలు, వాపులు కూడా కొన్నిసార్లు క్యాన్సర్‌లా కనిపిస్తాయి. ఛాతీ గోడకు దగ్గరగా ఉన్న కణితులు, మరీ చిన్నవి తప్పిపోవచ్చు. దట్టమైన రొమ్ములలో అదనపు పరీక్షగా ఎంఆర్ఐకి కణితులను పట్టే శక్తి ఇంకా ఎక్కువ. ఎంఆర్ఐ చేయడం కుదరని వారికి మాలిక్యులర్ ఇమేజింగ్ ఒక ప్రత్యామ్నాయం.

భారతదేశంలో

అణుశక్తి విభాగానికి చెందిన బ్రిట్ సంస్థ దేశంలోని ఆసుపత్రులకు వైద్య ఐసోటోపులను సరఫరా చేస్తుంది. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా న్యూక్లియర్ మెడిసిన్ కేంద్రం నడపరాదు. దేశంలో తొలి వైద్య సైక్లోట్రాన్, పెట్ స్కానర్ 2002లో ముంబయి పరేల్‌లోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌లో మొదలయ్యాయి. హైదరాబాద్‌లోని నిమ్స్, తిరుపతిలోని స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ రోగులకు ఈ విభాగం నుంచి ఎక్కువగా అందేవి పెట్-సీటీ, బోన్ స్కాన్.

రొమ్ములో గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన నుంచి రక్తం వంటి లక్షణాలు కనిపిస్తే ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి. ఆ తరువాత మామోగ్రఫీ లేదా అల్ట్రాసౌండ్, అవసరమైతే బయాప్సీ చేయించుకోవాలి. న్యూక్లియర్ మెడిసిన్ పరీక్ష అనుమానాన్ని పెంచగలదు, తగ్గించగలదు, వ్యాధి ఎంతవరకు పాకిందో చెప్పగలదు. క్యాన్సర్ అవునా కాదా అన్నది తేల్చేది మాత్రం బయాప్సీయే.