ఔషధ వాహకంగా సిలికా: నానో కణాలు శరీరంలో ఎంతవరకు సురక్షితం?

బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. ఈ పట్టణానికి సిలికా కొత్త పదార్థం కాదు. తడిసిన పట్టాలపై ఇంజన్ చక్రాలు జారకుండా లోకో పైలట్లు వదిలే పొడి ఇసుకలో ఉన్నది ప్రధానంగా సిలికాయే. పట్టాల కింద పరిచే కంకరను క్రషర్లలో పగలగొట్టినప్పుడు, బొగ్గు గనుల్లో రాతిని తొలిచినప్పుడు లేచే ధూళిలోనూ అది ఉంటుంది. చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో మిగిలే ఊకను కాల్చితే వచ్చే బూడిదలో అత్యధిక భాగం అదే.

ఈ పదార్థాన్నే వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు తగ్గించి, దాని రంధ్రాల్లో క్యాన్సర్ మందును నింపి, రక్తంలోకి పంపేందుకు శాస్త్రవేత్తలు రెండు దశాబ్దాలకు పైగా ప్రయత్నిస్తున్నారు. గని కార్మికుల ఊపిరితిత్తులను పాడుచేసే పదార్థం రోగికి మందు మోసుకువెళ్లడమేమిటన్న సందేహం సహజం. సిలికా మంచిదా, చెడ్డదా అని అడిగితే దానికి సమాధానం దొరకదు. ఏ రూపంలోని సిలికా, ఏ పరిమాణంలో, ఏ మార్గాన, ఎంత మోతాదులో శరీరంలోకి వెళుతోందన్నది తెలిస్తేనే చర్చ మొదలవుతుంది.

ఒకే పేరు, వేర్వేరు స్వభావాలు

సిలికా అంటే సిలికాన్ డయాక్సైడ్. ఇసుకలోనూ రాతిలోనూ ఉండే క్వార్ట్‌జ్‌లో దాని అణువులు క్రమబద్ధమైన స్ఫటిక నిర్మాణంలో అమరి ఉంటాయి. ఈ స్ఫటిక సిలికా ధూళిని ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది. ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు ఆ రేణువులను మింగుతాయి. అరిగించుకోలేక చనిపోతాయి. బయటపడిన రేణువును మరో కణం మింగి అదే గతి పడుతుంది. ఈ పరంపరలో ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడిపోతుంది. క్షయ సోకే ముప్పు పెరుగుతుంది. పని ప్రదేశాల్లో పీల్చే స్ఫటిక సిలికాను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో చేర్చింది. క్రమబద్ధ నిర్మాణం లేని అస్ఫటిక సిలికాను మాత్రం ఏ నిర్ణయానికీ రాలేని మూడో వర్గంలో ఉంచింది.

ఈ రెండింటి మధ్య ముఖ్యమైన తేడా నీటిలో కరిగే గుణంలో ఉంది. గది ఉష్ణోగ్రత వద్ద లీటరు నీటిలో క్వార్ట్‌జ్ పది మిల్లీగ్రాములు కూడా కరగదు. అస్ఫటిక సిలికా వంద మిల్లీగ్రాములకు పైగా కరుగుతుంది. కరిగినప్పుడు ఏర్పడే ఆర్థోసిలిసిక్ ఆమ్లం మూత్రం ద్వారా బయటికి పోతుంది. వరి మొక్క నేల నుంచి వేళ్ల ద్వారా పీల్చుకుని ఊకలో నిల్వ చేసుకునేది కూడా ఈ ఆమ్లాన్నే. ఔషధ వాహకాలుగా పరిశీలిస్తున్నవన్నీ అస్ఫటిక సిలికా కణాలే.

ఊక బూడిద విషయంలో ఒక హెచ్చరిక అవసరం. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ లోపు అదుపులో కాల్చితే అందులోని సిలికా అస్ఫటికంగానే ఉంటుంది. అంతకు మించి వేడెక్కిన కొద్దీ అది క్రిస్టోబలైట్ అనే స్ఫటిక రూపంలోకి మారుతుంది. ఊక బూడిద నుంచి ఔషధ వాహకాలను తయారు చేయవచ్చని ప్రయోగశాలలు చూపాయి. ధాన్యానికి పేరుపడ్డ ఛత్తీస్‌గఢ్‌లో ఆ వార్త ఆశ పుట్టించేదే. అయితే ప్రయోగశాలలో శుద్ధి చేసిన సిలికా వేరు, మిల్లు పొయ్యిలోంచి తీసిన బూడిద వేరు.

నోటి ద్వారా లోపలికి వెళ్లే అస్ఫటిక సిలికా కూడా కొత్తది కాదు. మాత్రల పొడి గడ్డకట్టకుండా, యంత్రంలో సాఫీగా జారేందుకు ఔషధ కంపెనీలు కొల్లాయిడల్ సిలికాన్ డయాక్సైడ్‌ను స్వల్పంగా కలుపుతాయి. ఆహార పదార్థాల్లో ఇదే ఇ551 అనే సంఖ్యతో కనిపిస్తుంది. ఇప్పుడు వాడుతున్న స్థాయుల్లో దీనివల్ల ఆరోగ్య ఆందోళన లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2024లో ప్రకటించింది. అయితే పేగు గోడ దాటడం వేరు, సూదితో నేరుగా రక్తంలోకి వెళ్లడం వేరు. మాత్రలో సురక్షితం కనుక రక్తంలోనూ సురక్షితమేనన్న వాదన నిలవదు.

గ్రాములో పాతిక సెంట్ల నేల

ఒకే పరిమాణంలో ఉండే సిలికా గోళాలను తయారు చేసే పద్ధతిని వెర్నర్ స్టోబర్, ఆర్థర్ ఫింక్, ఎర్నెస్ట్ బోన్ 1968లో ప్రచురించారు. 1992లో మొబిల్ చమురు కంపెనీ శాస్త్రవేత్తలు ఎంసీఎం-41 అనే రంధ్రభరిత సిలికాను వెల్లడించారు. సబ్బు వంటి అణువులు నీటిలో కడ్డీల్లా గుమిగూడినప్పుడు వాటి చుట్టూ సిలికాను పేర్చి, తర్వాత ఆ సబ్బును తొలగిస్తే తేనెపట్టు గదుల్లాంటి సన్నని గొట్టాలు మిగులుతాయి. వారు దీన్ని రూపొందించింది చమురు శుద్ధి కోసం. మందుల ఆలోచన తర్వాత వచ్చింది. స్పెయిన్ శాస్త్రవేత్త మారియా వాలెట్-రెగీ బృందం 2001లో ఆ గొట్టాల్లో ఐబుప్రోఫెన్ అనే నొప్పి నివారణ మందును నింపి, అది నెమ్మదిగా విడుదల కావడాన్ని చూపింది.

గొట్టాల వ్యాసం రెండు మూడు నానోమీటర్లు. ఒక గ్రాము పొడిలోని లోపలి గోడలన్నీ పరిచితే దాదాపు వెయ్యి చదరపు మీటర్లవుతాయి. అంటే సుమారు పాతిక సెంట్ల నేల. అంత వైశాల్యంపై మందు అణువులు అతుక్కుంటాయి. నీటిలో కరగని మందులను రక్తంలోకి చేర్చడానికి ఇది ఉపయోగపడుతుంది. రంధ్రం మూతికి బిరడా వంటి అణువును అమర్చి, ఆమ్లత్వం పెరిగినప్పుడే అది ఊడేలా చేయవచ్చు. క్యాన్సర్ కణితి పరిసరాలు సాధారణ కణజాలం కంటే కొంత ఆమ్లంగా ఉంటాయి. కణం లోపల వ్యర్థాలను అరిగించే లైసోజోములు ఇంకా ఆమ్లంగా ఉంటాయి. మందు అక్కడే బయటపడాలన్నది ఉద్దేశం.

తయారీలో వాడిన సబ్బు వంటి అణువులు కణాలకు విషతుల్యం. వాటిని పూర్తిగా కడగకపోతే తర్వాత కనిపించే హాని సిలికాదా, సబ్బుదా అన్నది తేల్చడం కష్టం.

రక్తంలోకి చేరిన తర్వాత

రక్తంలో అడుగుపెట్టిన కొద్ది క్షణాల్లోనే కణాన్ని ప్రోటీన్లు కప్పేస్తాయి. అక్కడి నుంచి శరీరానికి కనిపించేది సిలికా కాదు, ఆ ప్రోటీన్ల పొరే. దాన్ని గుర్తుపట్టి కాలేయంలోనూ ప్లీహంలోనూ ఉన్న రక్షక కణాలు మింగేస్తాయి. సుమారు ఆరు నానోమీటర్ల కంటే చిన్నవైతే మూత్రపిండాల వడపోత దాటి వెళ్లిపోతాయి. ఎక్కువ మందు నింపగల వంద నానోమీటర్ల కణాలకు ఆ దారి లేదు. అవి కరిగితేనే బయటపడాలి.

కణితికి చేరేది ఎంత? పదేళ్లలో వెలువడిన అధ్యయనాలను టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన వారెన్ చాన్ బృందం 2016లో సమీక్షించింది. సిలికాతో సహా అన్ని రకాల నానో కణాల్లో, ఎక్కించిన మోతాదులో కణితికి చేరినది మధ్యగత విలువగా 0.7 శాతమే. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మరోచోటికి పోతున్నప్పుడు ఆ మరోచోట ఏం జరుగుతుందన్నదే భద్రత ప్రశ్న. పత్రికల్లో వచ్చే ‘క్యాన్సర్‌పై గురి తప్పని నానో బాణం’ వంటి శీర్షికలు ఈ అంకెను చెప్పవు.

జంతువులపై ఫలితాలు ఒకేలా లేవు. రాబర్ట్ లాంగర్, డేనియల్ కొహేన్ తదితరులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో, రంధ్రభరిత సిలికాను చర్మం కింద ఎక్కించినప్పుడు ఎలుకలకు పెద్దగా హాని కలగలేదు. భారీ మోతాదులో రక్తనాళంలోకి, ఉదరంలోకి ఎక్కించినప్పుడు అవి చనిపోయాయి లేదా వాటి బాధ చూసి చంపవలసి వచ్చింది. రెండేళ్ల తర్వాత లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం, కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల మోతాదును ఎలుకలు తట్టుకున్నాయని, నాలుగు రోజుల్లో సిలికాలో అత్యధిక భాగం మలమూత్రాల ద్వారా బయటికి పోయిందని నివేదించింది. మోతాదు, కణాల తయారీ రెండూ వేరైనప్పుడు ఫలితం వేరు కావడంలో వింత లేదు.

2011లో జపాన్ పరిశోధకులు నేచర్ నానోటెక్నాలజీ పత్రికలో ప్రచురించిన ఫలితం ఇంకా నిశితంగా చూడవలసినది. గర్భంతో ఉన్న ఎలుకల రక్తంలోకి 70 నానోమీటర్ల సిలికా కణాలను ఎక్కించినప్పుడు అవి మాయను దాటి పిండాన్ని చేరాయి. పిండాలు ఎదగలేదు. 300, 1000 నానోమీటర్ల కణాలతో అలా జరగలేదు. అదే 70 నానోమీటర్ల కణం ఉపరితలాన్ని అమీన్ లేదా కార్బాక్సిల్ సమూహాలతో మార్చినప్పుడు కూడా హాని కనిపించలేదు. అంటే పరిమాణం మారకుండా పైపూత మారితేనే ఫలితం తలకిందులైంది. ఒక సిలికా కణం సురక్షితమని తేలినంత మాత్రాన మరొకటి సురక్షితమని చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఛత్తీస్‌గఢ్ అడగవలసిన ప్రశ్న

సిలికా ఉపరితలంపై ఉండే సిలనాల్ సమూహాలు ఎర్ర రక్తకణాల పొరకు అతుక్కుని దాన్ని చీల్చగలవు. ఈ హానిని కొలిచే పరీక్ష చాలా సులువు. రక్తం నుంచి ఎర్ర కణాలను వేరుచేసి, కడిగి, నానో కణాలతో కలిపి ఉంచుతారు. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేరిన నీటి ఎరుపును స్పెక్ట్రోఫోటోమీటర్‌తో చూస్తారు. ఎరుపు ఎంత ఉంటే అన్ని కణాలు పగిలినట్టు. బిలాస్‌పూర్‌లోని గురు ఘాసీదాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి ఫార్మసీ విభాగమున్న విద్యాసంస్థలకు అందుబాటులో ఉండే స్థాయి పరీక్ష ఇది. రంధ్రభరిత కణాలు గట్టి సిలికా గోళాల కంటే తక్కువ రక్తకణాలను పగలగొడతాయని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన విక్టర్ లిన్ బృందం 2009లో చూపింది. పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత పూస్తే హాని మరింత తగ్గుతుంది.

సాధారణంగా ఈ పరీక్షకు ఆరోగ్యవంతుల రక్తమో, జంతువుల రక్తమో వాడతారు. కానీ ఛత్తీస్‌గఢ్‌లో సికిల్ సెల్ వ్యాధి విస్తృతంగా ఉంది. 2047 నాటికి దాన్ని నిర్మూలించే లక్ష్యంతో జాతీయ కార్యక్రమం 2023 జులై 1న పొరుగున ఉన్న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభమైంది. మామూలు ఎర్ర కణం సుమారు 120 రోజులు బతికితే, సికిల్ కణం పది నుంచి ఇరవై రోజులే బతుకుతుంది. దాని పొర ముందే బలహీనం. పైగా ఈ రోగుల్లో చాలామందికి చిన్ననాటనే ప్లీహం దెబ్బతిని పనిచేయకుండా పోతుంది. నానో కణాలను రక్తం నుంచి తొలగించే అవయవాల్లో ప్లీహం ఒకటని పైన చూశాం. ఆ అవయవం లేని శరీరంలో కణాలు ఎక్కడ పోగుపడతాయి? శ్రీకాకుళం, విశాఖ మన్యంలోని గిరిజన గ్రామాలకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది. ఇటువంటి మందు ఇక్కడి రోగులకు చేరేలోగా సికిల్ రక్తంతోనూ పరీక్షలు జరగడం న్యాయం.

మనుషుల్లో ఇప్పటివరకు

మనుషులపై అనుభవం పరిమితం. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉల్రిక్ వైస్నర్ బృందం రూపొందించిన ‘సి డాట్స్’ అనే ఆరేడు నానోమీటర్ల సిలికా కణాలకు 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తొలి మానవ ప్రయోగానికి అనుమతి ఇచ్చింది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో మెలనోమా ముదిరిన ఐదుగురికి వాటిని ఎక్కించారు. కణాలు ప్రధానంగా మూత్రపిండాల ద్వారా బయటికి పోయాయని, తీవ్ర దుష్ప్రభావాలు కనిపించలేదని 2014లో ప్రచురించిన ఫలితాలు తెలిపాయి. అయితే అవి మందు మోయలేదు. కణితిని చిత్రాల్లో చూపడానికి వాడినవి. సిలికా గోళంపై బంగారు పూత పూసిన కణాలతో ప్రొస్టేట్ కణితిని లేజర్ వేడితో కాల్చే చికిత్సను 16 మందిపై పరీక్షించి 2019లో ఫలితాలు వెల్లడించారు. అందులోనూ సిలికా పని మందు మోయడం కాదు.

భారత్‌లో నానో ఔషధాల పరీక్షకు బయోటెక్నాలజీ విభాగం, ఆరోగ్య మంత్రిత్వ శాఖ కలిసి 2019 అక్టోబరులో ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేశాయి. అదే ఏడాది మార్చిలో అమల్లోకి వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నిబంధనల ప్రకారం, ఇప్పటికే అనుమతి ఉన్న మందును కొత్త వాహకంలో పెట్టినా అది కొత్త ఔషధమే అవుతుంది. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న క్యాన్సర్ మందునే సిలికా రంధ్రాల్లో నింపి తెచ్చినా, దాన్ని అమ్మకానికి పెట్టే ముందు తయారీదారు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందక తప్పదు.