పాత ట్రావెల్ ట్రైలర్: మెరుపు కాదు, నేల చూసి కొనాలి

అమెరికాలో కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లే ట్రావెల్ ట్రైలర్. పాతవాటిలో పేరున్నది ఎయిర్‌స్ట్రీమ్. వాలీ బయామ్ 1930లలో మొదలుపెట్టిన కంపెనీ ఇది. 1936లో క్లిప్పర్ మోడల్ వచ్చింది. రివెట్లు కొట్టిన అల్యూమినియం రేకు ఇప్పటికీ తళతళలాడుతుంది. అక్కడున్న మనవాళ్లు ఆ మెరుపు చూసి బేరం కుదుర్చుకుంటే చిక్కే.

రేకు ఇనుములా తుప్పు పట్టదు గానీ, లోపల నేల ప్లైవుడ్. కిటికీల నుంచి, వెనక మూలల నుంచి నీళ్లు దిగి అది కుళ్లిపోతుంది. మూలల్లో స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. మెత్తగా దిగిందంటే మంచాలు, అల్మారాలు పీకాల్సిందే. రిపేరు ఖర్చు కొన్న ధరను దాటిపోవడం మామూలే. బాగా పాతవాటికి లోన్ దొరకడం కష్టం. వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు ఎలాగూ నగదే కడతాయి, కాబట్టి రిపేరు డబ్బు కూడా ముందే పక్కన పెట్టుకోవాలి. టైటిల్ కాగితం అమ్మేవాళ్ల పేరు మీద లేకపోతే బయానా కూడా ఇవ్వొద్దు.

ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి. సామానంతా వెనక సర్దితే ఆ భారం తగ్గి, హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగి కారునే తిప్పేస్తుంది. టైరు మీద డాట్ కోడ్‌లో చివరి 4 అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. గాడులు బాగున్నా వయసైపోయిన టైరు మార్చాలి. గ్యాస్ పైపులు లీకు లేవని తేలేదాకా పిల్లల్ని లోపల పడుకోబెట్టొద్దు.